ఎవరి యాత్ర? ఎవరి రక్షణ?

యాత్రా సాహిత్యాన్ని అంచనా కట్టేటప్పుడు మన విమర్శకులు వర్ణనను చూస్తారు, భాషను చూస్తారు, యాత్రికుడి పరిశీలనాశక్తిని మెచ్చుకుంటారు. ఆ యాత్రికుడు క్షేమంగా ఎలా తిరిగి రాగలిగాడన్న ప్రశ్న మాత్రం సాధారణంగా వేయరు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరాడు. మజిలీలు, నీటి వసతి, దొరికే సరుకులు, దారిలోని భయాలు, అన్నీ శ్రద్ధగా రాసిపెట్టాడు. కాని ఆయన సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. వెంట పెద్ద పరివారం ఉంది. అదే దారిని ఒంటరిగా నడిచిన బైరాగికి గాని, దిక్కులేని వితంతువుకు గాని ఆ రక్షణ లేదు. వాళ్ళు యాత్రా చరిత్రలు రాయనూ లేదు. క్షేమమనేది యాత్రికుడి జాగ్రత్త మీద కొంత, అతని సామాజిక స్థానం మీద చాలావరకు ఆధారపడి ఉంటుందని ఆ పుస్తకం చెప్పకుండానే చెబుతుంది.

ఈ ప్రశ్ననే ఇప్పుడు మరో చోట వేయవలసి ఉంది. స్వలింగ ప్రేమికులూ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులూ తమ బతుకును నేరంగా చూసే దేశానికి చూడ్డానికి వెళితే వాళ్ళ క్షేమం సంగతేమిటి? పాశ్చాత్య దేశాల పర్యాటక పుస్తకాలు దీనికి సలహాల జాబితాలు ఇస్తాయి: వీధిలో చేతులు పట్టుకోవద్దు, ఫలానా బార్లకు వెళ్ళవద్దు, ఫోను జాగ్రత్త. జాబితాలు తప్పు కావు. కాని వాటిలో ఒకే ఒక పాత్ర ఉంటుంది: డబ్బిచ్చి వచ్చి వారం రోజుల్లో వెళ్ళిపోయే పాత్ర. అతను కలుసుకునే మనిషి, అక్కడే పుట్టి అక్కడే ఉండవలసిన మనిషి, ఆ జాబితాల్లో కనిపించడు. మొరాకోను ఉదాహరణగా తీసుకుంటే ఈ లోపం బాగా అర్థమవుతుంది. ఆ దేశం ఏటా లక్షలాది పర్యాటకులను పిలిచి ఆతిథ్యమిస్తుంది. అదే సమయంలో స్వలింగ సంబంధాన్ని శిక్షిస్తుంది. పైగా ఈ విషయం మీద అక్కడ రెండు సాహిత్యాలున్నాయి. ఒకటి వచ్చినవాళ్ళు రాసింది, రెండోది ఉన్నవాళ్ళు రాసింది.

ముందు చట్టం సంగతి. మొరాకో శిక్షాస్మృతి 1962 నాటిది. దాని 489వ అధికరణం ప్రకారం తన లింగానికే చెందిన వ్యక్తితో సిగ్గుమాలిన, ప్రకృతి విరుద్ధమైన చర్యకు పాల్పడితే 6 నెలల నుంచి 3 సంవత్సరాల దాకా జైలు, దానితోపాటు జరిమానా. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే. ఇది మతగ్రంథం నుంచి నేరుగా ఊడిపడ్డ వాక్యమనుకునేవారు దాని ఫ్రెంచి పాఠాన్ని చూడాలి. ఫ్రాన్సు 1791లోనే, విప్లవ కాలంలో, ఈ నేరాన్ని తన చట్టం నుంచి తీసివేసింది. నాజీల పడగనీడలో బతికిన విషీ ప్రభుత్వం 1942లో, 21 ఏళ్ళలోపు వారి విషయంలో, దాన్ని మళ్ళీ తెచ్చింది. యుద్ధం ముగిసినా ఆ నిబంధన పోలేదు. 1982లో గాని ఫ్రెంచి చట్టం దాన్ని వదిలించుకోలేదు. మొరాకో అధికరణంలోని పదజాలం దాదాపు ఆ విషీ పదజాలమే. స్వతంత్రం వచ్చిన ఆరేళ్ళకు ఒక దేశం తన సంప్రదాయాన్ని కాపాడుకోవడానికి పాత యజమాని చెత్తబుట్టలోంచి మాటలు ఏరుకుంది.

మనం నవ్వుకోవలసిన పనేమీ లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను మన దగ్గర 2018 సెప్టెంబరు 6 దాకా పెద్దల పరస్పర సమ్మతిని కూడా నేరంగానే చూసింది. హైదరాబాదు సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టమని ఒకటి చేశారు. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాసుకోవాలన్నారు. ఆడదుస్తుల్లో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చన్నారు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం అలాగే ఉంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023లో. చార్మినారు చూడ్డానికి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ యాత్రికురాలికి అంతవరకు మనదీ ఆ జాబితాలో దేశమే. 'సంప్రదాయ దేశం' అనే మాటను భౌగోళిక పటం మీద శాశ్వతంగా అంటించిన చీటీలా వాడడం అందుకే పనికిరాదు. ఆస్కార్ వైల్డ్ 1895 జనవరిలో అల్జీరియాలో నిశ్చింతగా తిరిగాడు. ఆంద్రే జీద్ అక్కడే అతన్ని కలుసుకున్నాడు. ఆ మే నెలలో సొంత లండన్ నగరం అతనికి రెండేళ్ళ కఠిన శిక్ష వేసింది.

మొరాకోలో చట్టం కాగితం మీద ఎలా ఉన్నా, ఆచరణలో అది ప్రతి హోటలు గది తలుపూ తట్టదు. పర్యాటకం ఆ దేశానికి ప్రధానమైన విదేశీ మారక వనరుల్లో ఒకటి. పాలకవర్గాలకు ఆ లెక్క బాగా తెలుసు. అందుచేత విదేశీయుల విషయంలో చట్టం చాలావరకు నిద్ర నటిస్తుంది. ఎప్పుడు లేస్తుంది? వీధిలో పోలీసు ఆపినప్పుడు, ఎవరో ఫిర్యాదు చేసినప్పుడు, డబ్బు గుంజాలనుకున్నవాడు బెదిరించినప్పుడు, పత్రికల్లో గొడవ రేగి ప్రభుత్వం తన నీతిని రుజువు చేసుకోవలసి వచ్చినప్పుడు. వచ్చినవాడికి ఇందులో ఏదీ ముందుగా తెలియదు. నిద్ర నటించే చట్టంలోని ప్రమాదమే అది.

2014 సెప్టెంబరులో మర్రకేష్‌లో డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన ఒక బ్రిటిష్ పర్యాటకుణ్ణి, అతనితో ఉన్న మొరాకో యువకుణ్ణి వీధిలో పోలీసులు పట్టుకున్నారు. ఫోనులో ఉన్న ఫోటోలు సాక్ష్యమయ్యాయి. నాలుగు నెలల శిక్ష పడింది. బ్రిటన్‌లో కుటుంబం, పార్లమెంటు సభ్యుడు, పత్రికలు కదిలాయి. మూడు వారాల లోపే అతను విమానమెక్కాడు. ఆ యువకుడికీ తరువాత విడుదల దొరికింది గాని, అతను ఎక్కవలసిన విమానం ఏదీ లేదు. అదే ఊళ్ళో, అవే ముఖాల మధ్య బతకాలి.

ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ 2015 జూన్‌లో జరిగింది. రాజధాని రబాత్‌లోని హసన్ గోపురం ముందు ఇద్దరు ఫ్రెంచి స్త్రీలు ఈ చట్టానికి నిరసనగా ముద్దుపెట్టుకున్నారు. ప్రభుత్వం వాళ్ళను ఆ రోజే దేశం నుంచి పంపించివేసింది. మర్నాడు అదే గోపురం దగ్గర ఫోటో తీయించుకుంటూ దగ్గరగా నిలుచున్న ఇద్దరు మొరాకో పురుషులను పట్టుకున్నారు. ప్రభుత్వ టెలివిజన్ వాళ్ళ బొమ్మలు చూపించింది. నాలుగేసి నెలల జైలు. ఒకే స్థలం, ఒకే వారం, ఒకే చట్టం. ఫ్రెంచి స్త్రీల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. కాని ఎవరి ధైర్యానికి ఎవరు ధర చెల్లించారో చూడకుండా ఆ చర్యను కీర్తించిన రాతలను మెచ్చుకోలేను.

ఇక సాహిత్యం. టాంజియర్ నగరం 1920ల నుంచి 1956 దాకా అంతర్జాతీయ మండలంగా ఉండేది. అనేక రాజ్యాల పాలన అంటే ఏ రాజ్యపు పాలనా గట్టిగా లేకపోవడమే. పాల్ బౌల్స్ 1947లో అక్కడ స్థిరపడి 1999లో చనిపోయేదాకా ఉన్నాడు. విలియం బరోస్ 1950లలో అక్కడ కూర్చుని 'నేకెడ్ లంచ్' రాశాడు. జో ఆర్టన్ 1967 వేసవిలో అక్కడ గడిపి డైరీ రాసుకున్నాడు. ఆ జూలై దాకా ఇంగ్లండులో అతని జీవితం చట్టం దృష్టిలో నేరమే. సొంత దేశంలో వేటాడబడినవాళ్ళు ఇక్కడ ఊపిరి పీల్చుకున్నారన్నది నిజం. దాన్ని తక్కువ చేయకూడదు. కాని ఆ ఊపిరి ఉచితంగా రాలేదు. ఆర్టన్ డైరీల్లో కనిపించే కుర్రవాళ్ళు పేదరికం వీధిలోకి తోసినవాళ్ళు, వాళ్ళలో పసివాళ్ళున్నారు. దాన్ని స్వేచ్ఛా ప్రణయమని పిలవడం దోపిడీకి అందమైన పేరు పెట్టడమే. (ఇదే సాకుగా స్వలింగ ప్రేమ అంతటినీ పసిపిల్లల మీద దౌర్జన్యంగా చిత్రించే ఛాందసుల వాదం మరో మోసం. భార్యను కొట్టే భర్తలున్నారని దాంపత్యాన్ని నేరమనం గదా!)

ఆ వీధిలోంచే మొహమ్మద్ షుక్రీ వచ్చాడు. 1935లో రిఫ్ కొండల్లో పుట్టాడు. కరువుకు తట్టుకోలేక కుటుంబం టాంజియర్ చేరింది. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా అతనికి అక్షరం ముక్క రాదు. అతని ఆత్మకథ 'అల్ ఖుబ్జ్ అల్ హాఫీ', అంటే వట్టి రొట్టె, ముందు బౌల్స్ చేతిమీదుగా 1973లో ఇంగ్లీషులో, 1980లో తహర్ బెన్ జెల్లూన్ చేతిమీదుగా ఫ్రెంచిలో వచ్చింది. రాసిన భాషలో, అరబిక్‌లో, అచ్చయింది 1982లో. మరుసటి ఏడాది నిషేధించారు. ఆ నిషేధం 2000 దాకా నిలిచింది. ఒక ముసలి స్పానియార్డు ఆకలితో ఉన్న కుర్రవాణ్ణి కారులో తీసుకువెళ్ళి, పని కానిచ్చుకుని, చిల్లర చేతిలో పెట్టి దించివేసే ఘట్టం అందులో ఉంది. బౌల్స్ తరం వాళ్ళ పుస్తకాల్లో అంచున కదలాడే నీడ ఇక్కడ నోరు విప్పి తన ఆకలి గురించి మాట్లాడుతుంది. విద్యార్థులు ఈ రెండు రకాల పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే దృష్టికోణమంటే ఏమిటో ఏ లక్షణగ్రంథమూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది.

షుక్రీ తరువాతి తరంవాడు అబ్దెల్లా తాయా. 1973లో పుట్టాడు, రబాత్‌కు నది అవతల ఉన్న సలే పట్నంలో పేద కుటుంబంలో పెరిగాడు. 2006లో సొంత దేశపు పత్రికలో తాను స్వలింగ ప్రేమికుణ్ణని పేరు పెట్టి చెప్పుకున్నాడు. 2009లో తల్లికీ కుటుంబానికీ ఉద్దేశించి బహిరంగ లేఖ రాశాడు. అతని నవల 'సాల్వేషన్ ఆర్మీ'లో కథకుడు ఒక స్విస్ పెద్దమనిషితో కలిసి తిరుగుతుండగా పోలీసులు ఆపుతారు. అవమానమంతా కథకుడికి, అతిథికి మర్యాద. ఆ ఘట్టం కల్పన కోసం పుట్టింది కాదు. విదేశీయులను వేధించే దొంగ గైడ్లను అరికట్టడానికని మొరాకోలో పర్యాటక పోలీసు దళాలున్నాయి. లైసెన్సు లేని స్థానికుడు విదేశీయుడి పక్కన నడిస్తే అనుమానానికి అదే చాలు. స్నేహమని చెప్పినా, ప్రేమ అని చెప్పినా పనికిరాదు; రెండోది చెబితే మరీ ముప్పు.

ఇప్పుడు క్షేమం అనే మాటను మళ్ళీ తీసుకుందాం. అతిథి జాగ్రత్త, ఆతిథేయి జాగ్రత్త ఒకటే అయిన చోటు నుంచి మొదలుపెట్టాలి. అది ఫోను. ఇవాళ పోలీసుకు గాని బెదిరించేవాడికి గాని కావలసిన సాక్ష్యమంతా మనమే జేబులో మోసుకు తిరుగుతున్నాం. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, మొరాకోలో ఒక దారుణం జరిగింది. పురుషులు పురుషులను వెతుక్కునే యాప్‌లలోకి స్త్రీలు దొంగ పేర్లతో చేరి తమకు తెలిసిన ముఖాలేవైనా ఉన్నాయేమో చూడండని ఒకరు సామాజిక మాధ్యమంలో పిలుపిచ్చారు. ఆ యాప్‌లు దగ్గరలో ఉన్నవాళ్ళనే ముందు చూపిస్తాయి. ఇరుగుపొరుగు, అన్నదమ్ములు, అద్దెకున్నవాళ్ళు బయటపడ్డారు. ఫోటోలు ఊరంతా తిరిగాయి. ఇళ్ళలోంచి గెంటివేయబడినవాళ్ళకు బయట ఎక్కడా తలదాచుకునే వీలు కూడా లేని రోజులవి. అందుచేత యాత్రికుడు సరిహద్దు దాటేముందే ఆ యాప్‌లనూ, సంభాషణలనూ, సన్నిహితమైన ఫోటోలనూ ఫోనులోంచి తీసివేయడం మొదటి పని. అక్కడికి వెళ్ళాక తెరవకపోవడం రెండోది. యాప్‌లో పలకరించినవాడు పోలీసు కావచ్చు, దోచుకునేవాడు కావచ్చు. నిజంగా ఒంటరి మనిషే కావచ్చు. మూడో సందర్భంలో ప్రమాదం మనవల్ల అతనికి.

హోటలు విషయంలో ఒక తిరకాసు ఉంది. 490వ అధికరణం పెళ్ళి కాని స్త్రీ పురుషుల సంబంధాన్ని కూడా నేరమంటుంది. ఏళ్ళ తరబడి హోటళ్ళు మొరాకో జంటలను పెళ్ళి పత్రం అడుగుతూ వచ్చాయి. అలా అడగడానికి చట్టపరమైన ఆధారమే లేదని 2024లో న్యాయశాఖ మంత్రే ప్రకటించవలసి వచ్చింది. ఇద్దరు విదేశీ పురుషులో, ఇద్దరు విదేశీ స్త్రీలో ఒక గది తీసుకుంటే మాత్రం సాధారణంగా ఎవరూ ఏమీ అడగరు. రెండు మంచాల గది అడిగితే ఆ కాస్త అనుమానమూ ఉండదు. స్త్రీలకు ఈ అదృశ్యత మరీ ఎక్కువ. అయితే 2016లో మర్రకేష్‌లో ముద్దుపెట్టుకున్నారని పట్టుకుని కోర్టుకెక్కించినది ఇద్దరు పదహారు, పదిహేడేళ్ళ స్థానిక బాలికలనే. చివరికి నిర్దోషులన్నారు. స్థానికులను గదికి తీసుకురావడం మాత్రం వేరే సంగతి. రిసెప్షనులో గుర్తింపు కార్డు నంబరు రాసుకుంటారు. ఆ పుస్తకంలో పేరు ఎవరిదో ఆలోచించాలి.

వీధిలో మరో రకం పొరపాటుకు అవకాశముంది. మొరాకోలో మగవాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తారు, చెంపల మీద ముద్దు పెట్టుకుని పలకరించుకుంటారు. ఐరోపావాడు దీన్ని చూసి ఈ దేశంలో అంతా ఇలాగే కాబోలు అనుకుంటాడు. మన పల్లెల్లో భుజం మీద చెయ్యేసుకుని తిరిగే స్నేహితులను చూసినవాళ్ళకు ఆ భ్రమ రాదు. ఆ స్పర్శ స్నేహానికి సమాజమిచ్చిన చోటు. దాన్ని ఆహ్వానంగా చదివితే చదివినవాడిదే తప్పు. బహిరంగ అసభ్యతను శిక్షించడానికి 483వ అధికరణం వేరే ఉంది.

పోలీసులు పట్టుకుంటే ఏం చేయాలి? ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు కాగితం. మొరాకో న్యాయస్థానాల్లో పోలీసులు రాసుకునే వాంగ్మూలానికి విలువ చాలా ఎక్కువ. దాని కింద సంతకం పడితే తరువాత కాదనడం కష్టం. అది అరబిక్‌లో ఉంటుంది. చదవలేని కాగితం మీద సంతకం చేయకూడదు; అనువాదకుణ్ణి అడగాలి. తన దేశపు కాన్సులేటుకు కబురు చేయమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ఇస్తుంది. అడగాలి, మళ్ళీ మళ్ళీ అడగాలి. అయితే రాయబార కార్యాలయం వాళ్ళు వచ్చి చూస్తారు, లాయర్ల పేర్లు ఇస్తారు, ఇంటికి కబురు పెడతారు. స్థానిక చట్టాన్ని పక్కకు నెట్టలేరు.

భారత పౌరులకు ఇంకో చిక్కు. మన సుప్రీంకోర్టు 2018లో నేరం కాదన్నది, 2023 అక్టోబరులో వివాహాన్ని మాత్రం గుర్తించలేమన్నది. కనుక ఇరవై ఏళ్ళు కలిసి బతికిన సహచరుడు కూడా మన రాయబారి దృష్టిలో బంధువు కాడు. ఆస్పత్రిలోనైనా, జైలులోనైనా కబురు అందేది తండ్రికో అన్నకో. ఆ తండ్రికి ఏమీ తెలియకపోతే ఆ కబురే రెండో శిక్ష. బయలుదేరే ముందు ఒక లాయరు దగ్గరో, నమ్మకమైన స్నేహితుడి దగ్గరో ఎవరికి మొదట కబురు పంపాలో, డబ్బు ఎవరు పంపాలో రాసిపెట్టుకోవడం అందుకే అవసరం. ట్రాన్స్‌జెండర్ యాత్రికులకు విమానాశ్రయంలోనే పరీక్ష మొదలవుతుంది. పాస్‌పోర్టులోని పేరు, ఫోటో, లింగ సూచన ముఖంతో సరిపోకపోతే ప్రశ్నలు. మూడో లింగ సూచన ఉంటే వేరే ప్రశ్నలు. వీసాకూ టిక్కెట్టుకూ పాస్‌పోర్టుకూ మధ్య ఒక్క అక్షరం తేడా లేకుండా చూసుకోవాలి. అది చాలదని తెలుసు. ఫోనును శుభ్రం చేసినట్టు శరీరాన్ని దాచుకోవడం కుదరదు గదా.

మన ఊళ్ళ నుంచి విదేశం వెళ్ళేవాళ్ళలో పర్యాటకులు ఎందరు? కరీంనగర్ నుంచీ, నిజామాబాదు నుంచీ, కడప నుంచీ గల్ఫ్‌కు వెళ్ళే కార్మికుడికి పై సలహాల్లో సగం పనికిరావు. గది ఎనిమిదిమందితో పంచుకున్నది. పాస్‌పోర్టు తరచు యజమాని బీరువాలో ఉంటుంది. కువైట్‌లో 2007లో 'వ్యతిరేక లింగాన్ని అనుకరించడం' నేరమని చట్టంలో చేర్చారు. నడకా జుట్టూ కూడా నేరాలే అయ్యాయి. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2022లో దాన్ని కొట్టివేసిందాకా పదిహేనేళ్ళు ఆ మాట పోలీసుల చేతిలో ఉంది. గల్ఫ్ వలస మీద మన భాషలో కథలూ పాటలూ వచ్చాయి. వాటిలో ఈ మనిషి ఎక్కడున్నాడో యువ రచయితలు వెతకాలి.

మొరాకోలో మాట్లాడేవాళ్ళు లేరనుకోకూడదు. 2010లో 'మిథ్లీ' అనే చిన్న పత్రిక అరబిక్‌లో వచ్చింది. ఆ మాటకు స్వలింగ ప్రేమికుడనీ, నావంటివాడనీ రెండర్థాలు. రహస్యంగా అచ్చువేసి కొద్ది ప్రతులు చేతులు మార్చుకున్నారు. చిన్న పత్రికలు నడిపిన మనవాళ్ళకు ఆ ప్రతుల బరువు ఎంతో విడమరచి చెప్పనక్కరలేదు.

వెళ్ళివచ్చి యాత్రాకథనం రాసే రచయితకు చివరిగా ఒక పని మిగిలివుంటుంది. మర్రకేష్‌లో ఫలానా సందు మొగలో, ఫలానా హోటలు ఎదుటి టీ కొట్లో పనిచేసే కుర్రవాడు రాత్రి నాతో ఇలా అన్నాడని రాస్తే, పేరు రాయకపోయినా, ఆ సందులోవాళ్ళందరికీ అతనెవరో తెలిసిపోతుంది. తెలుగులో రాసింది అక్కడెవరు చదువుతారన్న ధీమా ఈ రోజుల్లో చెల్లదు; ఫోను క్షణంలో అనువదిస్తుంది. ఊరు మార్చాలి, వృత్తి మార్చాలి, ముఖం కనిపించే ఫోటో వేయకూడదు. వీలైతే ఆ భాగాన్ని ముందుగా అతనికి చదివి వినిపించాలి. అతను వద్దన్న వాక్యాలు, అవి రచనలోకెల్లా బాగున్న వాక్యాలైనా సరే, కొట్టివేసి అప్పుడు అచ్చుకు పంపాలి.